విధికి కాల్షీట్లు ఎవరిస్తున్నారు?

సినిమా పత్రికలో ఫిలాసఫీ ఏమిటండీ, పేజీ తిప్పేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. తిప్పాలా, చదవాలా అని ఇప్పుడు మీలో మీరు తేల్చుకుంటున్నారే, ఈ వారం మన కబుర్లు దాని గురించే.

మన సినిమాల్లో హీరోయిన్ తండ్రి అప్పులపాలైనా విధే, ప్రేమికులు విడిపోయినా విధే. రూపాయి పారితోషికం లేకుండా ఇన్ని కాల్షీట్లు ఇచ్చింది పాపం విధి ఒక్కటే! హాలు బయటా అంతే. మొన్న రేగొండలో బస్సు కోసం నిల్చుంటే డిగ్రీ పూర్తయిన కుర్రాడొకడు పక్కన చేరాడు. సినిమా పాటలు రాయాలని కోరికట. "మరి రాస్తున్నావా?" అన్నాను. "నా రాతల లేదన్నా. బాపు ఒప్పుకోడు" అన్నాడు. తీరా ఆరా తీస్తే ఒక్క పల్లవి కూడా రాయలేదు.

సరిగ్గా ఈ "నా రాత" దగ్గరే జా పాల్ సార్త్ర్ అనే ఫ్రెంచి ఆయన పేచీ పెట్టాడు. 1945 అక్టోబరులో, యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, పారిస్‌లో ఉపన్యాసమిచ్చి అస్తిత్వవాదం అంటే ఏమిటో మామూలు జనానికి చెప్పాడు. మన పద్ధతిలో చూద్దాం. కమ్మరి కొలిమి ముందు కూర్చున్నప్పుడే కొడవలి ఎందుకో ఆయనకు తెలుసు. కొడవలి పుట్టకముందే దాని పని ఖాయమైపోయింది. మనిషి సంగతి అలా కాదంటాడు సార్త్ర్. ముందు వచ్చి పడతాడు, తానేమిటన్నది తర్వాత తాను చేసే పనుల వల్ల తేలుతుంది. నుదుట ఎవరూ ఏమీ రాయలేదు. కాబట్టి ఎంచుకోక తప్పదు. ఏదీ ఎంచుకోకుండా ఊరుకుంటే, ఊరుకోవడాన్ని ఎంచుకున్నట్టే! నాస్తికుల గొడవలే అని కొట్టిపారేయకండి. ఈ దారి తొక్కినవాళ్ళలో మొదటివాడని చెప్పే డెన్మార్కు కీర్కెగార్డ్ పరమ క్రైస్తవ భక్తుడు.

తానే ఎంచుకుని, "నా చేతుల్లో ఏముంది" అని తనకు తానే చెప్పుకునే అబద్ధం ఒకటుంది. సార్త్ర్ దాన్ని ఆత్మవంచన కింద జమకట్టాడు. 1962లో ఎన్టీఆర్ వేసిన భీష్ముణ్ణి తలుచుకోండి. తండ్రి అడగకుండానే ఒట్టు పెట్టుకున్నది ఆయనే. తర్వాత సత్యవతే స్వయంగా వచ్చి వంశం నిలపమన్నా "నా ప్రతిజ్ఞ" అన్నాడు. నిండు సభలోకి ద్రౌపదిని ఈడ్చుకొస్తే, ధర్మం సూక్ష్మమైనదన్నాడు. (మా అమ్మ ఈ మాట చదివితే నాకు అన్నం పెట్టదు.)

ఆ భీష్ముడి పడక పేరే పెట్టి నవల రాసిన నవీన్ మన పాత వరంగల్ జిల్లా మనిషే. పాలకుర్తి దగ్గర వావిలాలలో పుట్టాడు. 1969 నాటి ఆ "అంపశయ్య" చివరికి ఆయనకు ఇంటిపేరే అయిపోయింది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే పల్లెటూరి విద్యార్థి గడిపే ఒక్క రోజు, అంతే కథ. ఫైట్లు లేవు. డబ్బుకు కటకట, పరీక్షల భయం, ఆడపిల్లల గురించి ఆరాటం, తన మీద తనకే చీదర. 2016లో సినిమాగానూ తీశారు. రవి పేదరికాన్ని తాను ఎంచుకోలేదు కదా, మరి అతనికి స్వేచ్ఛ ఎక్కడిది? పారిస్ కాఫీ హోటల్లో కూర్చుని చెప్పినంత తేలికా? న్యాయమైన ప్రశ్నే. పుట్టిన ఇల్లు, జేబులో చిల్లర మన చేతిలో లేవని సార్త్ర్ కూడా ఒప్పుకుంటాడు. వాటితో ఏం చేస్తావన్నదే ఆయన పట్టు. నా మటుకు ఆయన అప్పులవాళ్ళను కాస్త తక్కువ చూశాడేమో అనిపిస్తుంది.

అయినా ఆ కుర్రాణ్ణి కోప్పడలేకపోయాను. ఇరవై రెండేళ్ళప్పుడు డైరెక్షన్ నేర్చుకోవడానికి హైదరాబాద్ వెళ్ళాలనుకున్నాను. వెళ్ళలేదు. నాన్న వద్దన్నాడని పదేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. నాన్న అన్నది "నీ ఇష్టం బిడ్డా" అని. ఆ మాటకే భయపడ్డాను. వద్దని ఉంటే బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, బస్టాండులో వాడికి చెప్పాను.

వాడు కాసేపు నేల చూశాడు. "మీ బాపును అడిగినవా అసలు?" అన్నాను.

"అడగలేదన్నా."

ఇంతలో పరకాల బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, "పల్లవి రాస్తే ఎవలకు చూపియ్యాలె?" అని అరిచాడు.