లెక్కా పత్రం: ముద్ర మార్చడమంటే మాటలా?

మన కోవిల్‌పట్టి, విరుదునగర్ ఇళ్ళల్లో చాలామంది పిల్లలు చెన్నైలోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నారు. వాళ్ళ నోట తరచు వినబడే మాట ‘గిట్’. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేరు చేసేది, చూడబోతే, మన గుమాస్తాల పనే. ప్రోగ్రాములో ఎవరు, ఏ రోజు, ఏం మార్చారో చిట్టా రాసిపెడుతుంది.

అయితే నమోదులకు 1, 2, 3 అని నెంబర్లు వెయ్యదు. నమోదులో ఉన్నదంతా లెక్కకట్టి 40 అక్షరాల ముద్ర తయారుచేస్తుంది. ఒక్క కామా మారినా ముద్ర వేరైపోతుంది. పైగా ప్రతి నమోదులోనూ దాని ముందుదాని ముద్ర ఉంటుంది. పేరేడులో (ఆంధ్రాలో ఆవర్జా అంటారు, మనకి పేరేడే అలవాటు) పేజీ అడుగున తేలిన మొత్తాన్ని తరవాతి పేజీ పైన రాసుకున్నట్టన్నమాట. పాత పేజీలో ఒక రూపాయి దిద్దితే చివరిదాకా తేడా కనబడుతుంది.

ఈ ముద్ర వేసే లెక్క పేరు షా-1. అమెరికా ప్రమాణాల సంస్థ 1995లో వెలువరించింది. 2017 ఫిబ్రవరిలో ఆంస్టర్‌డాంలోని సి.డబ్ల్యు.ఐ.వారూ గూగుల్‌వారూ కలిసి, రెండు వేర్వేరు పి.డి.ఎఫ్. పత్రాలకు ఒకే ముద్ర పడేట్టు చేసి చూపించారు. ఒక్క ప్రాసెసరు మీద చేస్తే 6,500 ఏళ్ళు, ఆపైన గ్రాఫిక్స్ ప్రాసెసరు మీద మరో 110 ఏళ్ళు పట్టే లెక్క! ఆ పత్రాలను పరీక్షకోసం వెబ్‌కిట్‌వారు తమ భాండారంలో చేర్చగానే, వాళ్ళు వాడుతున్న సబ్‌వర్షన్ తికమకపడి నిలిచిపోయింది. గిట్ పత్రం పొడవును కూడా ముందు చేర్చి లెక్క కడుతుంది గనక ఆ జంట దాన్ని మోసగించలేకపోయింది. గిట్ కోసమే వేరే జంట తయారుచెయ్యాలంటే డబ్బున్నవాడికి అసాధ్యమేం కాదు. అందుకే అలాంటి నకిలీని పసిగట్టే షా-1ను అదే ఏడు మే నెలలో 2.13లో పెట్టారు.

మరి గట్టిదైన షా-256కు మారిపోవచ్చుగా? 2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వరంగ బ్యాంకులు నాలుగైన తరువాత ఐ.ఎఫ్.ఎస్. కోడుల మార్పు చూసినవారు ఈ ప్రశ్న అడగరు. చెక్కుబుక్కుల్లో పాత కోడు, జీతాల జాబితాల్లో పాత కోడు! గిట్‌లో ముద్ర 64 అక్షరాలవుతుంది. ప్రోగ్రాము లోపల ఎక్కడెక్కడో ‘20 బైట్లు’ అని గట్టిగా రాసేసి ఉంది. బ్రయన్ కార్ల్‌సన్ మొదలైనవారు 2017కు ముందునుంచే వాటిని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వచ్చారు. 2020 అక్టోబరులో 2.29లో షా-256 ప్రయోగాత్మకంగా వచ్చింది.

అది కొత్త పుస్తకాల సంగతి. పాతవాటిలో మొదటి ముద్ర మారితే తరవాతివన్నీ మారతాయి. ఉత్తరాల్లో ఉటంకించిన పాత ముద్రలు అనాథలవుతాయి. పాత ముద్రల మీద పెట్టిన సంతకాలు సరిచూడాలంటే పాత రూపం మళ్ళీ కట్టాలి. అందుకని ఏ పాత ముద్రకు ఏ కొత్త ముద్రో చూపే పట్టీ ఒకటి కావాలి. ఇన్నేళ్ళా అని విసుక్కునేవారున్నారు. నాకైతే ఈ నిదానమే నచ్చింది. రాబోయే 3.0లో కొత్త భాండారాలకు షా-256నే అలవాటు చెయ్యాలని గిట్‌వారి సంకల్పం.

పొంగల్‌కు పిల్లలొచ్చినప్పుడు అడిగి చూడండి, వాళ్ళ ఆఫీసు ముద్ర 40 అక్షరాలా, 64 అక్షరాలా అని.