బండికి లాభమా, బండ్ల సంఖ్యా? కార్ల కంపెనీల లెక్కలో పెనుకొండకు దక్కేదేమిటి

పెనుకొండ: కారు ఒక్కటి అమ్మి లక్ష రూపాయలు మిగుల్చుకోవడం మేలా? మూడు కార్లు అమ్మి ఒక్కొక్కదానిపై ముప్పయి వేల వంతున మిగుల్చుకోవడం మేలా? కంపెనీ వాటాదారు మొదటిదే మేలంటాడు. పది వేలు ఎక్కువ వస్తుంది, శ్రమ మూడో వంతే. కాని ఆ కార్లను బిగించే కార్మికునికి, విడిభాగాలు చేసి పంపే షెడ్డుకు, తయారైన బండ్లను మోసుకుపోయే లారీకి రెండవదే మేలు. వారికి పని దొరికేది బండ్ల సంఖ్యను బట్టి.

కార్ల పరిశ్రమలో ఈ ప్రశ్న పాతదే. 2025 సెప్టెంబరులో కేంద్రం జి.ఎస్.టి. రేట్లు మార్చిన తరువాత మళ్లీ ముందుకు వచ్చింది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కర్మాగారం వున్నందువల్ల శ్రీ సత్యసాయి జిల్లాకు కూడా ఇందులో సంబంధం వున్నది. అయితే సంగతి అర్థం కావాలంటే ముందు హర్యానాలోని మారుతి కంపెనీ కథ చూడాలి. ఈ దేశంలో సంఖ్యను నమ్ముకుని ఎదిగిన కంపెనీ అది. ఆ దారి నుంచి పక్కకు జరిగి, మళ్లీ వెనక్కు రావడానికి ప్రయత్నిస్తున్నదీ అదే.

మారుతి నడిచిన దారి

మారుతి 800 కారు 1983 డిసెంబరులో మార్కెట్టులోకి వచ్చింది. అప్పటి ధర సుమారు 50 వేల రూపాయలు. అంబాసిడర్, ఫియట్ తప్ప మరొకటి కొనే వీలులేని రోజుల్లో ఉపాధ్యాయుడు, బ్యాంకు ఉద్యోగి, చిన్న వ్యాపారి కూడా కారు గురించి ఆలోచించేటట్లు చేసింది ఆ బండి. తరువాత ఆల్టో వచ్చింది. తక్కువ లాభం, ఎక్కువ బండ్లు, వూరూరా మెకానిక్కు, ఎక్కడైనా దొరికే స్పేరుపార్టు. కంపెనీ సూత్రం ఇదే. 2018-19 నాటికి దేశంలో అమ్ముడయ్యే ప్రతి రెండు కార్లలో ఒకటి మారుతిదే.

ఆ తరువాత చిన్న కారుకు వరుసగా దెబ్బలు తగిలాయి. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబరులో వచ్చింది. 2019లో ఏ.బి.ఎస్. బ్రేకులు, డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 ఇంజను రావలసి వచ్చింది. ఇవన్నీ ప్రాణానికి, గాలికి మంచివే. ఎవరూ కాదనరు. కాని పది లక్షల కారుపై ముప్పయి వేల ఖర్చు పెరిగితే కొనేవాడు పెద్దగా పట్టించుకోడు. మూడు లక్షల కారుపై అదే ముప్పయి వేలు పడితే ఆ మనిషి షోరూము మెట్లు దిగి మోటారు సైకిలు దుకాణానికి పోతాడు. ఆల్టో, ఎస్-ప్రెస్సో తరగతి కార్ల అమ్మకాలు 2018-19తో పోలిస్తే 2024-25 నాటికి సగానికంటె తక్కువకు పడిపోయాయి.

కంపెనీ నష్టపోయిందా అంటే అదీ లేదు. 2018-19లో మారుతి 18.62 లక్షల బండ్లు అమ్మి సుమారు 7,500 కోట్ల రూపాయల నికర లాభం చూపింది. 2024-25లో 22.34 లక్షల బండ్లు అమ్మి 13,955 కోట్లు చూపింది. స్థూలంగా భాగించి చూస్తే బండికి 40 వేలుగా వున్న లాభం 62 వేలకు పెరిగింది. బండ్లు అయిదో వంతు పెరిగితే లాభం రెట్టింపుకు దగ్గరయింది. చిన్న కారు స్థానంలో బ్రెజ్జా, గ్రాండ్ విటారా వంటి పెద్ద బండ్లు అమ్ముడు కావడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

అయితే ఈ లెక్కకు రెండో వైపు కూడా వున్నది. ఆ ఆరేళ్లలో పెరిగిన 3.7 లక్షల బండ్లలో 2.2 లక్షలకు పైగా విదేశాలకు ఎగుమతి అయినవే. స్వదేశంలో అమ్మకాలు ఆ ఆరేళ్లలో మొత్తం మీద కొద్దిగానే పెరిగాయి. మార్కెట్టులో కంపెనీ వాటా సగం నుంచి నూటికి 41కి దిగింది. సంవత్సరానికి 12 లక్షలకు పైబడి ఆదాయం గల కుటుంబాలే కారు కొనగలుగుతున్నాయని, అటువంటివి నూటికి 12 మాత్రమేనని కంపెనీ చైర్మన్ ఆర్.సి. భార్గవ 2025 ఏప్రిల్‌లో చెప్పారు. మిగిలిన 88 ఇళ్లకు కారు అందకపోతే పరిశ్రమ పెరిగేదెలా అన్నది ఆయన వేసిన ప్రశ్న.

కియా ఎంచుకున్న దారి

కియా మొదటి నుంచి రెండవ దారినే పట్టింది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల బండ్ల సామర్థ్యం గల కర్మాగారం కట్టిన ఆ కంపెనీ చిన్న కారు జోలికి పోలేదు. 2019 ఆగస్టులో మొదటి బండిగా సెల్టాస్‌ను విడుదల చేసింది. ప్రారంభ ధర 9.69 లక్షలు. అదే సంవత్సరం ఆల్టో ధర 3 లక్షల లోపునుంచే మొదలయ్యేది. అంటే ఒక సెల్టాస్ డబ్బుతో మూడు ఆల్టోలు వచ్చేవి.

ఈ ఎంపిక కియాకు కలిసివచ్చింది. కరువు జిల్లాగా పేరుబడిన అనంతపురంలో అంత పెద్ద పరిశ్రమ నిలదొక్కుకోవడానికి ఆ లాభమే ఆధారమైంది. 2023 జులై నాటికి పది లక్షల బండ్లు ఇక్కడి నుంచి బయటికి వచ్చాయి. కాని 2022, 2023, 2024 సంవత్సరాలలో దేశంలో కియా అమ్మకాలు ఏటా రెండున్నర లక్షలు దాటి దాదాపు ఒకే అంకె దగ్గర నిలిచిపోయాయి. పది లక్షల బండి కొనగలవారు ఎందరున్నారో అందరి దగ్గరికీ అన్ని కంపెనీలూ చేరుకున్నాయి. హ్యుందాయ్, టాటా, మహీంద్రా, టయోటా అందరిదీ అదే వేట. దేశంలో 2024-25లో అమ్ముడైన 43 లక్షల ప్రయాణికుల బండ్లలో దాదాపు 28 లక్షలు ఇటువంటి ఎత్తు బండ్లే.

కర్మాగారం నడిపేవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. వేరుశనగ నూనె మిల్లు సంగతి ఈ ప్రాంతం వారికి తెలియనిది కాదు. మిల్లు ఆడినా ఆడకపోయినా బ్యాంకు వడ్డీ, మీటరు చార్జి, కాపలాదారు జీతం తప్పవు. కాయ నిండుగా వచ్చిన ఏడు ఆ ఖర్చు బస్తాకు కొద్దిగా పడుతుంది. పంట పోయిన ఏడు కొద్ది బస్తాలే దాన్నంతా మోయాలి. కార్ల ఫ్యాక్టరీలో రోబోలు, పెయింటు షాపు, ప్రెస్సులు కూడా అంతే. సామర్థ్యం నిండినంతకాలం బండికి వచ్చే లాభం బాగుంటుంది. సంఖ్య తగ్గితే ఆ లాభాన్ని ఖాళీ యంత్రాలే తినివేస్తాయి. సంఖ్యను పూర్తిగా వదిలి లాభాన్ని కాపాడుకోవడం ఏ కంపెనీకీ ఎక్కువ కాలం సాధ్యం కాదు.

పన్ను తగ్గింది, కంపెనీ ఇంకా తగ్గింది

ఈ పరిస్థితిలో 2025 సెప్టెంబరు 3న జి.ఎస్.టి. కౌన్సిల్ నిర్ణయం వెలువడింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకు 1200 సి.సి., డీజిలుకు 1500 సి.సి. లోపు ఇంజను గల కార్లపై పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. దానిపై వుండిన సెస్సు కూడా పోయింది. పెద్ద కార్లకు సెస్సుతో కలిపి 45 నుంచి 50 శాతం దాకా వున్నది 40 అయింది. కొత్త రేట్లు నవరాత్రుల మొదటి రోజు, సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చాయి.

మారుతి అక్కడితో ఆగలేదు. ఎస్-ప్రెస్సో ప్రారంభ ధరను 4,26,500 నుంచి 3,49,900కు దించింది. తగ్గినది 76,600. పన్ను తేడాను లెక్కగడితే అందులో 36 వేలకు మించి రాదు. మిగిలిన 40 వేలు పన్నుకు సంబంధం లేని కోత. మోటారు సైకిలు మీద భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని పోయే మనిషిని కారులోకి తేవాలన్న ఆలోచనతో కంపెనీ వదులుకున్న సొమ్ము అది. దేశంలో 2024-25లో 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. అందులో నూటికి ఇద్దరు కారుకు మారినా నాలుగు లక్షల బండ్ల గిరాకీ అవుతుంది.

ఫలితం వెంటనే కనిపించింది. 2025 అక్టోబరు, డిసెంబరు మధ్య మారుతి 6.67 లక్షలకు పైగా బండ్లు అమ్మింది. అంతకుముందు ఏడాది అదే కాలంకంటె నూటికి 18 వంతులు ఎక్కువ. లాభంలో పెరుగుదల మాత్రం అందులో సగం కూడా లేదు. కొత్త కార్మిక చట్టాల కోసం ఒకేసారి పక్కన పెట్టిన మొత్తం కూడా ఇందుకు ఒక కారణమే. అయినా దారి స్పష్టంగానే వున్నది. బండికి వచ్చే లాభం తగ్గినా సంఖ్య పెరగాలన్నదే కంపెనీ ఎంచుకున్నది. మార్కెట్టులో సగం వాటాను తిరిగి తెచ్చుకుంటామని దాని మాతృసంస్థ సుజుకి ప్రకటించి వున్నది.

కియా కూడా ధరలు తగ్గించింది. నాలుగు మీటర్ల లోపు వుండే సోనెట్‌పై 1.64 లక్షల దాకా, సైరోస్‌పై 1.86 లక్షల దాకా కోత పడింది. పొడవైన సెల్టాస్‌పై తగ్గింపు 75 వేల దగ్గర ఆగింది. 2025లో కియా స్వదేశీ అమ్మకాలు మూడేళ్ల నిలకడను దాటి 2.80 లక్షలకు చేరాయి.

నానో చెప్పిన పాఠం

ధర తగ్గిస్తే చాలు జనం ఎగబడతారనుకోవడం కూడా పొరపాటే. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చిన టాటా నానో ఇందుకు నిదర్శనం. సనంద్‌లో ఏటా రెండున్నర లక్షల బండ్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీ కట్టారు. అన్నిటికంటె మంచి సంవత్సరమైన 2011-12లో కూడా అమ్ముడైనవి సుమారు 75 వేలే. కొన్ని బండ్లు మంటల్లో చిక్కుకోవడం, అన్నిటికంటె చవక కారు అన్న ముద్ర పడడం దాన్ని దెబ్బతీశాయి. అప్పుచేసి కారు కొనే మనిషి నలుగురిలో తన గౌరవం పెరగాలని కూడా కొంటాడు. 2018లో నానో తయారీ నిలిచిపోయింది. తక్కువ లాభంతో బండి చేసి సంఖ్య కూడా రాకపోతే రెండు విధాలా నష్టమే.

జిల్లాకు పట్టే లెక్క

కియా చిన్న కారు చేయాలని ఇక్కడివారు పట్టుబట్టడంలో అర్థం లేదు. ఏ బండి చేయాలో నిర్ణయించేది ఆ కంపెనీయే. కాని జిల్లా ఏ అంకెను గమనించాలో ఇక్కడివారు తెలుసుకోవడం అవసరం. కంపెనీ లాభం ఎంత అన్న వార్తకంటె, నెలకు ఎన్ని బండ్లు గేటు దాటాయన్న వార్తే ఈ ప్రాంతానికి ముఖ్యం. రెండు షిఫ్టులు నడుస్తాయా, మూడు నడుస్తాయా అన్నది దానిమీదే ఆధారపడుతుంది. ఐ.టి.ఐ. చదివిన కుర్రవాడికి ఒప్పందపు ఉద్యోగం కొనసాగడం, అనుబంధ పరిశ్రమలకు ఆర్డర్లు రావడం, సోమందేపల్లి నుంచి పెనుకొండ దాకా గదుల అద్దెలు, హోటళ్లు నడవడం ఆ సంఖ్య వెంటే పోతాయి.

మరొక సంగతి కూడా వున్నది. 18 శాతం పన్ను పడే సోనెట్, సైరోస్‌లు ఎక్కువ పోతే సంఖ్య పెరుగుతుంది. 40 శాతం పన్ను పడే సెల్టాస్ ఎక్కువ పోతే బండికి రాబడి పెరుగుతుంది. 2026 జనవరిలో వచ్చిన కొత్త సెల్టాస్ ధర 10.99 లక్షల నుంచి మొదలయింది. కియా రెండు కాళ్లమీదా నిలబడాలని చూస్తున్నట్లు దీన్నిబట్టి తెలుస్తుంది.

పన్ను తగ్గింపు ద్వారా ప్రభుత్వం తన వంతు రాబడి వదులుకుంది. మారుతి కొంత లాభం వదులుకుంది. మోటారు సైకిలు మనిషి నిజంగా కారుకు మారి, కిస్తులు తప్పకుండా కట్టుకుంటూ పోతే అందరికీ మార్కెట్టు పెరుగుతుంది. నాలుగేళ్ల తరువాత అతడే పెద్ద బండికోసం చూస్తాడు. ఆనాడు కియాకు గిరాకీ వచ్చేది ఆ మనిషి నుంచే. హర్యానాలో చిన్న కారుపై పోగొట్టుకున్న నలభై వేలకూ, ఎర్రమంచిలో రేపటి షిఫ్టుకూ వున్న సంబంధం ఇదే.