సిద్దిపేటకు కాపురం మార్చేముందు...

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా కేంద్రమైన నాటి నుండి మన పల్లెల్లో ఒక ఆలోచన బలపడుతూ వస్తున్నది. హైదరాబాదులో కొలువు చేస్తున్న కొడుకు, అక్కడి కిరాయిలు భరించలేక సిద్దిపేటకు వచ్చేద్దామా అని అడుగుతున్నాడు. ఊళ్ళో ఉన్న తండ్రి, పట్నం అంచున జాగా కొని ఇల్లు కట్టుకుంటే అందరం ఒకచోట ఉండవచ్చునని ఆశపడుతున్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. అయితే ఇంటి కిరాయిని, గజం ధరను లెక్కకట్టినంత శ్రద్ధగా రాకపోకల ఖర్చును ఎవరూ లెక్కకట్టడం లేదు. తీరా కాపురం పెట్టిన తరువాత ఆ ఖర్చే ముందు నిలబడుతున్నది.

సిద్దిపేటకు రావద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2023 జూన్‌లో ఐ.టి. టవరు తెరిచారు. అదే సంవత్సరం అక్టోబరు 3న సికింద్రాబాదుకు రైలు మొదలయింది. కోమటి చెరువు కట్ట మీద సాయంత్రం పూట కాసేపు నడిచి రావచ్చు. ఊరికి దగ్గర, చుట్టాలకు దగ్గర, పొలం మీద కన్ను వేసి ఉంచవచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే.

నగరానికీ పట్టణానికీ తేడా

హైదరాబాదులో ఎన్ని ఇబ్బందులున్నా సొంత బండి లేనివాడు బతకగలడు. సిటీ బస్సులున్నాయి. 2003 నుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017 నవంబరు నుండి మెట్రో నడుస్తున్నాయి. ఒక బస్సు తప్పితే ఇంకొకటి దొరుకుతుంది. కిరాణా దుకాణం, మందుల దుకాణం వీధి చివరనే ఉంటాయి.

చిన్న పట్టణం అయితే అన్నీ దగ్గరే కదా అని మనవారు అనుకుంటారు. పాత బజారు చుట్టుపక్కల ఉన్నవారికి ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. కాని పట్టణాలు ఇప్పుడు రోడ్ల వెంట పెరుగుతున్నాయి. కొత్త ప్లాట్లు ఒక దిక్కు, కళాశాల ఒక దిక్కు, కార్యాలయాలు మరొక దిక్కు. 2021 జూన్‌లో ప్రారంభించిన మన కలెక్టరేటు పట్టణం నడుమ లేదు. రాజీవ్ రహదారిపై కొండపాక మండలం దుద్దెడ వద్ద ఉన్నది. సిద్దిపేటలో ఇల్లున్నంత మాత్రాన కలెక్టరేటుకు నడిచి వెళ్ళలేము. వైద్య కళాశాల ఎన్సాన్‌పల్లి వైపు ఉన్నది. ఈ దూరాలను కలుపుతూ గంట గంటకు తిరిగే సిటీ బస్సుల ఏర్పాటు హైదరాబాదుకు ఉన్నట్లు మనకు లేదు. ఆటో ఎక్కాలి, లేదా సొంత బండి తీయాలి.

పల్లెకు ఉన్న బస్సు కాలనీకి లేదు

విచిత్రమేమంటే, ఈ విషయంలో బస్సు తిరిగే పల్లె పట్నం శివారు కంటే మేలు. పల్లెవెలుగు బస్సు ఊరి నడుమ ఆగుతుంది, తిన్నగా బస్టాండులో దింపుతుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చిన నాటి నుండి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు కూడా లేదు. ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఊరి నుండి ఒక తల్లి రూపాయి ఖర్చు లేకుండా ఆసుపత్రికి వచ్చి పోగలుగుతున్నది. అదే తల్లి పట్నం అంచున కొత్త కాలనీకి మారితే, మూడు కిలోమీటర్ల దూరానికి ఆటో కిరాయి ఇచ్చుకోవాలి. ఆటోలో మహాలక్ష్మి చెల్లదు. దూరం తగ్గింది, ఖర్చు పెరిగింది.

లెక్క వేసి చూద్దాం. ఇంటి పెద్ద పనికి రోజూ పది కిలోమీటర్లు వెళ్ళి రావాలి అనుకుందాం. రానూపోనూ ఇరవై, నెలకు ఇరవై అయిదు రోజులకు 500 కిలోమీటర్లు. మోటారు సైకిలు లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే పది లీటర్లు కావాలి. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటి ఉన్నది గనుక, వెయ్యి రూపాయలకు పైమాటే. అదే దూరం లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో అయితే ముప్ఫై మూడు లీటర్లకు పైన, అంటే 3,300 రూపాయలకు తక్కువ కాదు. ఇది పెట్రోలు మాత్రమే. బీమా, టైర్లు, మరమ్మతులు, అప్పు చేసి కొంటే నెల నెలా కిస్తు, ఇవి వేరే. కిరాయిలో మిగిలిన సొమ్ములో ఎంత భాగం బండి తినేస్తుందో ఎవరికి వారే చూసుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి డబ్బు కాదు. ఇంట్లో బండి ఒకటే ఉంటుంది. అది పొద్దున్నే ఇంటి పెద్దతో వెళ్ళిపోతుంది. మిగిలినవారు రాత్రి దాకా కాలనీలో కూర్చోవలసిందే. పల్లెలో అరుగు మీద నలుగురితో మాట్లాడుకుంటూ, పాలకేంద్రం దాకా నడిచి వచ్చే ముసలివారు అక్కడ నాలుగు గోడల మధ్య పడి ఉంటున్నారు. బిళ్ళలు అయిపోతే కొడుకు వచ్చేదాకా ఎదురు చూస్తున్నారు. పొలం పనికో, సంఘం మీటింగుకో తన కాళ్ళ మీద తాను వెళ్ళిన కోడలు కూరగాయలకు కూడా మరొకరిని అడగవలసి వస్తున్నది.

ఈ ఇబ్బంది తట్టుకోలేక కొందరు పదో తరగతి పిల్లవాడి చేతికి బండి తాళం ఇస్తున్నారు. ఇది ప్రమాదం మాత్రమే కాదు, నేరం కూడా. గేర్లున్న బండి నడపడానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తండ్రికి గాని, బండి యజమానికి గాని 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేవరకు లైసెన్సు రాదు.

ఎంచుకునే వీలున్నవారు ఎంచుకోవాలి

మన జిల్లాలోనే మల్లన్నసాగర్ కింద ఊళ్ళు పోయినవారున్నారు. వారిలో ఎన్నో కుటుంబాలు గజ్వేలు దగ్గర ముట్రాజుపల్లి పునరావాస కాలనీకి చేరాయి. ఎక్కడ ఉండాలో నిర్ణయించుకునే అవకాశం వారికి లేకపోయింది. ఆ అవకాశం ఉన్నవారు దానిని తేలికగా వాడుకోరాదు.

కాపురం మార్చదలచినవారు జాగా చూడడానికి బ్రోకరు కారులో వెళ్ళరాదు. బస్టాండులో దిగి, సొంత బండి లేకుండా ఆ జాగాకు చేరాలి. పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళి చూడాలి. వెంట ఇంట్లోని ముసలివారిని తీసుకుపోవాలి. బడి, ఆసుపత్రి, కిరాణా, బస్సు ఆగే చోటు, ఈ నాలుగింటిలో ఎన్నింటికి నడిచి పోవచ్చునో వేళ్ళ మీద లెక్కపెట్టాలి. రెండు కూడా లేకపోతే ఆ జాగా ఎంత చవక అయినా చవక కాదు. శివారులో పెద్ద ఇంటి కంటే బస్టాండుకు నడక దూరంలో చిన్న ఇల్లే మేలు. ముందు ఒక ఏడాది కిరాయికి ఉండి చూడాలి. అంతవరకు ఊళ్ళో ఇల్లు గాని, పొలం గాని అమ్మరాదు.

అధికారుల బాధ్యత కూడా కొంత ఉన్నది. కార్యాలయాలను పట్టణం వెలుపల కట్టినప్పుడు అక్కడికి చేరే దారి కూడా చూపవలసింది ప్రభుత్వమే. బస్టాండు, రైల్వే స్టేషను, వైద్య కళాశాల, కలెక్టరేటులను కలుపుతూ ఆర్టీసీ చిన్న బస్సులను పొద్దుటి నుండి రాత్రి వరకు నిర్ణీత వేళలకు నడపాలి. కొత్త లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, మోరీలతో పాటు బస్సు తిరిగే వీలున్నదా అని కూడా మునిసిపాలిటీ చూడాలి. ఈ పని జరిగితే పల్లె నుండి వచ్చేవారికే గాక, బండి కొనలేని పట్టణవాసులకూ మేలు కలుగుతుంది.

అది జరిగేదాకా, బండి లేని రోజున ఈ ఇంట్లో ఎవరు గడప దాటగలరు అన్న ఒక్క ప్రశ్నకు ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబు చెప్పుకున్న తరువాతనే బయానా ఇవ్వడం మంచిది.