హెచ్చరిక లేని డిటెన్షన్.. పల్లె విద్యార్థికి ఏడాది నష్టం!

ఇంజినీరింగ్ చదివే విద్యార్థిని పరీక్ష తప్పడం కంటే ‘డిటెన్షన్’ అన్న మాటే ఎక్కువగా భయపెడుతుంది. తప్పిన పరీక్షను సప్లిమెంటరీలో మళ్లీ రాసుకోవచ్చు. డిటెయిన్ అయితే తోటివారు పై తరగతికి వెళుతుండగా ఏడాది పాటు ఇంటి దగ్గర కూర్చోవలసిందే. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, కుటుంబంలో తొలిసారిగా కళాశాల గడప తొక్కిన గ్రామీణ విద్యార్థులకు ఈ ముప్పు మరింత ఎక్కువ. నిబంధనలు ఏం చెబుతున్నాయో తెలియక కొందరు, తెలిసేసరికే ఆలస్యమై మరికొందరు నష్టపోతున్నారు.

రెండు రకాల వేటు

డిటెన్షన్ ఒకటే అని చాలామంది తల్లిదండ్రులు భావిస్తారు. నిజానికి అది రెండు రకాలు. మొదటిది హాజరు తక్కువైనందుకు పడేది. జేఎన్‌టీయూల నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో అన్ని సబ్జెక్టులకు కలిపి 75 శాతం హాజరు తప్పనిసరి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి అనారోగ్యం వంటి సరైన కారణం చూపితే కళాశాల అకడమిక్ కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. అందుకు వైద్య ధ్రువపత్రంతో పాటు నిర్ణీత రుసుము చెల్లించాలి. 65 శాతం కంటే తగ్గితే ఏ కారణం చెప్పినా మన్నించరు. ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. మరుసటి ఏడాది అదే సెమిస్టర్‌లో తిరిగి చేరి మొదటి నుంచి చదవాలి.

రెండోది క్రెడిట్లు చాలనందుకు పడేది. సబ్జెక్టులో ఉత్తీర్ణత సాధించాలంటే చివరి పరీక్షలో 35 శాతం, అంతర్గత మార్కులతో కలిపి 40 శాతం రావాలి. తప్పితే ఆ సబ్జెక్టు క్రెడిట్లు ఒక్కటి కూడా దక్కవు. ఇలా తప్పిన సబ్జెక్టులు పెరిగి క్రెడిట్లు నిర్ణీత శాతానికి చేరకపోతే పై ఏడాదికి పంపరు. ఈ విద్యార్థి తరగతులు మళ్లీ వినవలసిన పనిలేదు. సప్లిమెంటరీలు రాసి క్రెడిట్లు పూర్తి చేసుకుని, మరుసటి ఏడాది జూనియర్లతో కలిసి చేరాలి.

వర్సిటీకో లెక్క

క్రెడిట్ల లెక్క అన్ని చోట్లా ఒకటి కాదు. హైదరాబాద్ జేఎన్‌టీయూ 2018లో తెచ్చిన ఆర్-18 నిబంధనల్లో తొలి ఏడాది 37 క్రెడిట్లకు 18 సాధిస్తేనే రెండో ఏడాదికి అర్హత. మూడో ఏడాదికి 79కి 47, నాలుగో ఏడాదికి 123కి 73 ఉండాలి. అంటే మొదట సగం, ఆ తర్వాత 60 శాతం. కరోనా కాలంలో ఈ షరతులను సడలించారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 బ్యాచ్ నుంచి అమలైన ఆర్-23 నిబంధనలు కొంత ఉదారంగా ఉన్నాయి. తొలి ఏడాది నుంచి రెండో ఏడాదికి హాజరు ఉంటే చాలు. రెండు నుంచి మూడుకు వెళ్లేందుకు మూడో సెమిస్టర్ వరకు ఉన్న క్రెడిట్లలో 40 శాతం, మూడు నుంచి నాలుగుకు ఐదో సెమిస్టర్ వరకు ఉన్నవాటిలో 40 శాతం రావాలి. మూడు సెమిస్టర్లకు 60 క్రెడిట్లు ఉన్నాయనుకుంటే 24 సాధించాలన్నమాట.

ఈ ఉదారతలోనూ ఒక చిక్కు ఉంది. తొలి ఏడాది ఎన్ని సబ్జెక్టులు తప్పినా పై తరగతికి వెళ్లవచ్చన్న ధీమాతో కొందరు సప్లిమెంటరీలను నిర్లక్ష్యం చేస్తారు. రెండో ఏడాది చివర మూడు సెమిస్టర్ల లెక్క ఒక్కసారిగా ముందుకొస్తుంది. అప్పటికి గణితం వంటి సబ్జెక్టులు గుట్టగా పేరుకుపోయి ఉంటాయి.

నష్టం ఏడాదితో ఆగదు

జూనియర్లతో కలిసే నాటికి నిబంధనలు మారితే అదనపు సబ్జెక్టులు చదవవలసి వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోర్సు కాలానికి ఇచ్చేది కాబట్టి, తిరిగి చదివే సెమిస్టర్ ఖర్చు కుటుంబంపైనే పడవచ్చు. ప్రాంగణ నియామకాలకు వచ్చే సంస్థలు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవారిని సాధారణంగా పక్కన పెడతాయి. నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్లలో పూర్తి చేయకపోతే సీటే రద్దవుతుంది. వీటన్నింటినీ మించినది మనోవేదన. ఇంట్లో చెప్పుకోలేక, రోజూ కళాశాలకని బయలుదేరి బస్టాండులో పొద్దు గడిపే పిల్లలు ఉంటారు.

అక్కడ ముందు హెచ్చరిక

మన కుటుంబాలు పిల్లలను పంపుతున్న అమెరికాలో మధ్యలో మరో మెట్టు ఉంటుంది. అక్కడి అనేక విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ విద్యార్థి సగటు గ్రేడు నాలుగుకు 2.0 కంటే తగ్గితే వెంటనే వేటు వేయరు. ‘అకడమిక్ ప్రొబేషన్’లో ఉంచుతారు. ఆ సెమిస్టర్‌లో సలహాదారును కలవడం, తక్కువ సబ్జెక్టులు తీసుకోవడం వంటి షరతులు ఉంటాయి. అప్పటికీ మెరుగుపడకపోతే ఒక సెమిస్టరో, ఏడాదో సస్పెన్షన్. దానిపై అప్పీలు చేసుకునే వీలుంటుంది. తిరిగి వచ్చాకా విఫలమైతే తొలగింపు. ఎంఎస్ విద్యార్థులకు చాలాచోట్ల ఈ హద్దు 3.0.

అయితే మన పిల్లలకు అక్కడ మరో ప్రమాదం పొంచి ఉంది. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు పూర్తికాల విద్యార్థిగా కొనసాగాలి. సస్పెన్షన్ పడితే ఆ హోదా పోయి, దేశం విడిచి రావలసిన పరిస్థితి ఏర్పడవచ్చు.

చేయవలసిందేమిటి?

క్రమశిక్షణ కోసం డిటెన్షన్ అవసరమేనన్న వాదనను కొట్టిపారేయలేం. పునాది లేకుండా పై తరగతికి నెట్టడం విద్యార్థికీ మేలు కాదు. హాజరు విషయంలో మాత్రం న్యాయస్థానాలు కూడా పునరాలోచన కోరుతున్నాయి. హాజరు తక్కువైందన్న కారణంతో న్యాయశాస్త్ర విద్యార్థులను పరీక్షలకు దూరం చేయరాదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇంజినీరింగ్ విద్యార్థుల గురించి కాకపోయినా, అందులోని ఆవేదన అందరిదీ.

శిక్షకు ముందు హెచ్చరిక ఉండాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ప్రతి సెమిస్టర్‌లో రెండు మిడ్ పరీక్షలు జరుగుతాయి. తొలి మిడ్ నాటికే ఎవరు వెనకబడ్డారో అధ్యాపకులకు తెలుస్తుంది. ఆ మార్కులు, హాజరు శాతం తల్లిదండ్రులకు తెలుగులో లేఖ ద్వారా చేరాలి. న్యాక్ గుర్తింపు కోసం కాగితాలపై చూపే మెంటార్ వ్యవస్థ తరగతి గదిలో కనిపించాలి. సప్లిమెంటరీ ఫలితాలు పై ఏడాది తరగతులు మొదలవకముందే వెలువడాలి.

విద్యార్థులు తమ బ్యాచ్‌కు వర్తించే నిబంధనల పుస్తకాన్ని చేరిన నాడే చదవాలి. సీనియర్ల మాటలు నమ్మితే చాలదు, వారి లెక్క వేరు కావచ్చు. అన్యాయం జరిగిందనిపిస్తే యూజీసీ 2023 నిబంధనల కింద కళాశాల ఫిర్యాదుల పరిష్కార కమిటీని, అక్కడ తేలకపోతే విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌ను ఆశ్రయించవచ్చు. తల్లిదండ్రులు నెలకొక్కసారైనా కళాశాలకు వెళ్లి హాజరు, మార్కులు అడిగి తెలుసుకోవాలి. ఒక పూట కూలి పోయినా ఫరవాలేదు, బిడ్డకు ఏడాది మిగులుతుంది.