జాన్‌పహాడ్ సైదులు, లుబావిచ్ రెబ్బె

నల్లగొండ పల్లెల్లో ఏ ఓటర్ల జాబితా తిరగేసినా సైదులు, సైదమ్మ, సైదయ్య, సైదిరెడ్డి కనిపిస్తారు. వాళ్లలో చాలామంది హిందువులు. ఆ పేర్లలో చాలావరకు పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా చలవే. 2016లో ఆ ఊరు సూర్యాపేట జిల్లాలోకి పోయింది గానీ మొక్కులు మాత్రం ఎప్పటిలాగే సాగుతున్నాయి.

ఈ పేర్లకు మూలం సయ్యద్ అనే మాట. సయ్యద్ అంటే అరబ్బీలో పెద్ద, ప్రభువు. ప్రవక్త వంశీకులకు చెల్లే బిరుదు. మన జనం రాములు, నర్సింలు వరుసలో దానికి ‘లు’ చేర్చి సైదులు చేసుకున్నారు. దర్గాలోని ఆ సైదులుకు సంతానం కోసం మొక్కి, కడుపు పండితే ఆ పేరే పెట్టుకుంటారు. జనవరిలో ఉర్సుకు ఇంటిల్లిపాదీ ట్రాక్టరెక్కి పోయి కందూరు చేస్తారు. యాటను కోసి, వండి, ఫాతిహా ఇప్పించి, చుట్టపక్కాలతో కలిసి అక్కడే తింటారు. ఫాతిహా చదివేది ముజావర్, మొక్కు తీర్చుకునేది ఏ కులమైనా కావచ్చు.

తూర్పు ఐరోపా యూదుల ఇడ్డిష్ భాషలో ‘రెబ్బె’ అనే మాటదీ దాదాపు ఇదే నడక. నా గురువు అని అర్థమిచ్చే హీబ్రూ ‘రబ్బీ’ దానికి మూలం. 18వ శతాబ్దంలో హసీదీ అనే యూదు భక్తి ఉద్యమం వచ్చాక ఆ పిలుపు బరువు పెరిగింది. ధర్మశాస్త్రం చూసి తీర్పు చెప్పే పండితుడు ఒకరు, కష్టం వస్తే వెతుక్కుంటూ పోయే రెబ్బె మరొకరు. భక్తులు తమ బాధను చీటీ మీద రాసి ఆయన చేతికిచ్చేవారు. లుబావిచ్ రెబ్బె, బెల్జ్ రెబ్బె అని బిరుదుకు ముందు ఊరిపేరు చేర్చి పిలుస్తారు, మనం జాన్‌పహాడ్ సైదులు అన్నట్టే. 1810లో కన్నుమూసిన రెబ్బె నఖ్మన్ సమాధికి, ఉక్రెయిన్‌లోని ఉమన్‌కు, నేటికీ ఏటా వేలమంది పోతారు.

పాండిత్యం వల్ల వచ్చే గౌరవం వేరు, ఆపదలో తలుచుకోవడం వల్ల వచ్చే గౌరవం వేరు. రెండోదే ఎక్కువ కాలం నిలుస్తుందని మా నమ్మకం. మన దగ్గర అది ఇంకో అడుగు ముందుకేసి, పరాయి మతపు బిరుదును కన్నబిడ్డ పేరుగా మార్చింది. మతాల మధ్య గోడలు లేపుతున్న ఈ రోజుల్లో మన ప్రాంతపు సామరస్యానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సైదులు అనే పేరు పాతబడిందని నామోషీ పడి బడిలో వేరే పేరు రాయించే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీ ఇంట్లో సైదులో సైదమ్మో ఉంటే, ఆ పేరు ఏ మొక్కుతో వచ్చిందో పెద్దవాళ్లను అడిగి, ఆ ముచ్చట మాకు రాసి పంపండి. అచ్చువేస్తాం.