కుదురు

గత సంచికలో క్వార్టర్లలో నీటి వృథాను గురించి వ్రాసినందుకు కాలనీ మిత్రులు కొందరు మెచ్చుకున్నారు. మరికొందరు ఎదురుపడినప్పుడు పలకరించడం తగ్గించారు. ఈ పర్యాయం మా ఇంటి సంగతే వ్రాస్తున్నాను కనుక, కోపగించుకోవలసి వస్తే మా ఇంట్లోవారే కోపగించుకోవాలి.

మా మనుమరాలికి నాలుగేళ్లు నిండాయి. జూన్‌లో ఎల్.కె.జి.లో చేరింది. రెండు నెలలు తిరగకుండానే పాఠశాల డైరీలో ఎర్రసిరాతో ఒక వాక్యం వచ్చింది: "తరగతిలో కుదురుగా కూర్చోవడం లేదు." మరుసటి వారం అదే వాక్యం, కింద గీతతో సహా. మూడోసారి తల్లిదండ్రులను రమ్మని కబురు. వెళ్లివచ్చిన మా అబ్బాయి ఇంక్రిమెంటు ఆగిపోయినవాడిలా ఉన్నాడు. ఇలాగే ఉంటే పై తరగతికి పంపడం కష్టమన్నారట. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో 'కూర్చునే అభ్యాసం' ఆరంభమైంది. గోడగడియారానికి ఎదురుగా కుర్చీ వేసి, పన్నెండు మీదనున్న పెద్దముల్లు ఆరు మీదికి వచ్చేవరకు కదలరాదని ఆజ్ఞ.

నేను కలుగజేసుకోలేకపోయాను. ఆ పద్ధతికి మూలపురుషుణ్ణి నేనే. ఇరవై ఏడేళ్ల క్రితం ఇదే కాలనీలో, జనరల్ షిఫ్టు ముగించుకుని వచ్చి, నాలుగేళ్ల కుమారుణ్ణి రోజూ గంటసేపు బల్లముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవాణ్ణి. ఎవరైనా వారిస్తే "మొక్కై వంగనిది మానై వంగునా" అనేవాణ్ణి. నా స్కూటరు చప్పుడు వినగానే వాడు మంచం కిందికి దూరేవాడని నా అర్ధాంగి ఎన్నో ఏళ్ల తరువాత చెప్పింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు మనుమరాలు పెదవి బిగబట్టి ముల్లువైపు చూస్తూ కూర్చున్న తీరు చూశాక, ఆ నవ్వు గుర్తుకువచ్చి రాత్రి నిద్రపట్టలేదు.

వాదన కంటే కొలత మేలన్నది మా వృత్తి నేర్పిన విషయం. ఒక వారంపాటు చేతిగడియారం పెట్టుకుని, పిల్లకు తెలియకుండా లెక్క వ్రాశాను. "కదలకు" అని కూర్చోబెట్టినప్పుడు ఆరేడు నిమిషాలు. నాయనమ్మ కథ చెబుతున్నప్పుడు పన్నెండు నిమిషాలు. కాళ్లు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. ఒకనాడు వరండాలో చింతగింజలనూ గులకరాళ్లనూ వేరుచేసి రెండు డబ్బాలలో వేస్తూ, ఎవరూ కూర్చోమనకుండానే ఇరవై ఆరు నిమిషాలు కూర్చుంది. నిష్పాక్షికత కోసం నన్నూ కొలుచుకున్నాను. ఆ వారమే జరిగిన భద్రతా శిక్షణ తరగతిలో పావుగంట లోపల మూడుసార్లు కాళ్లు మార్చుకుని, ఒకసారి పనిలేకున్నా నీళ్లకు లేచాను.

నేను కనిపెట్టింది కొత్తదేమీ కాదు. 1907లో రోమ్ నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో పిల్లల ఇంటిని ప్రారంభించిన మరియా మాంటిస్సోరీ ఒక చిన్నపాపను గమనించింది. సుమారు మూడేళ్ల ఆ పాప కర్రదిమ్మెలను వాటి రంధ్రాలలో అమర్చుతూ, తీస్తూ, నలభైకి పైగా పర్యాయాలు అదే పని చేసింది. చుట్టూ తక్కిన పిల్లలచేత పాటలు పాడించినా, కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా ఏకాగ్రత చెదరలేదు. ఆ పాప చేతులు మాత్రం ఒక్క క్షణం ఊరుకోలేదు! శ్రద్ధ వేరు, నిశ్చలత వేరు. మనం రెండవదాన్ని చూసి మొదటిది ఉన్నదనుకుంటాము. నాలుగేళ్ల వయస్సులో శరీరాన్ని కదలకుండా పట్టి ఉంచడమే ఒక శ్రమ. ఆ శ్రమలో మునిగిన పిల్లకు పాఠం వినడానికి మిగిలే శక్తి తక్కువ.

మోటార్లతో పనిచేసే మిత్రులకు ఇది సులువుగా బోధపడుతుంది. నామఫలకం మీద 'ఎస్1' అని ఉంటే నిరంతరం నడపవచ్చు. క్రేను మోటారు మీద 'ఎస్3, 40 శాతం' అని ఉంటే, పది నిమిషాల ఆవృత్తిలో నాలుగు నిమిషాల పని, ఆరు నిమిషాల విరామం. దాన్ని రోజంతా ఆపకుండా తిప్పి వైండింగు కాలిపోతే మోటారుమీద చార్జిషీటు వేయము. దాన్ని అక్కడ బిగించినవారిని అడుగుతాము. (పిల్లలను యంత్రాలతో పోల్చావేమని మా కోడలు ఇదివరకే ఆక్షేపించింది. అంగీకరిస్తున్నాను.)

ఇంతకూ ఎంతసేపు? వయస్సును రెండు నుంచి అయిదు నిమిషాలతో హెచ్చవేయమనే సూత్రమొకటి ప్రచారంలో ఉంది. నాలుగేళ్లకు ఎనిమిది నుంచి ఇరవై నిమిషాలన్నమాట. ఇది స్థూల సూత్రమే కాని కొలబద్ద కాదు. పెద్దలు చెప్పేది వినడానికైతే పది పదిహేను నిమిషాలు చాలునని, ఆ తరువాత లేచి ఏదో ఒకటి చేయించాలని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక కదలిక అవసరం. అందులో కనీసం 60 నిమిషాలు పరుగు, గెంతు వంటి చురుకైన ఆటలు. ఒక్కసారిగా గంటకు మించి కట్టిపడేయరాదనీ అందులో ఉంది. కాని అది తోపుడు బండ్లలోనూ బెల్టు కుర్చీలలోనూ ఉంచడాన్ని గురించిన హద్దు. గంటసేపు పాఠం చెప్పవచ్చుననే అనుమతి కాదు. మన 2020 జాతీయ విద్యావిధానం సైతం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయస్సును పునాది దశగా పేర్కొని, ఆటపాటల ద్వారానే నేర్పమన్నది.

ఇష్టమైన ఆటలో కూడా క్షణం నిలవని పిల్లలుంటారు. పిలిచినా పలకనివారుంటారు. అటువంటప్పుడు శిక్షించకుండా, చెవులూ కళ్లూ పరీక్ష చేయించి, పిల్లల వైద్యుణ్ణి సంప్రదించాలి.

ఉపాధ్యాయినిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె గదిలో నలభై ముగ్గురు పిల్లలున్నారు. నాకు నలభై ముగ్గురు నాలుగేళ్లవారిని అప్పగిస్తే నేనూ ఎర్రసిరాయే వెదుక్కుంటాను. కాని 'కుదురు' అనే మాటకు మన ఇళ్లలో మరొక అర్థముంది: కుండ కింద పెట్టే చుట్ట. గుండ్రటి అడుగున్న కుండ ఒరిగితే కుండను తిట్టము, దానికింద గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన కుదురు పెడతాము.

ఆదివారంనాడు లెక్కల కాగితం మా అబ్బాయి ముందుంచి, మంచం సంగతి కూడా ఎత్తాను. వాడు చాలాసేపు కాగితంవైపే చూసి, "గుర్తుంది నాన్నగారూ. మంచం కింద గచ్చు చల్లగా ఉండేది" అన్నాడు. అంతకుమించి మేము మాట్లాడుకోలేదు.

సోమవారం వాడే వెళ్లి ఉపాధ్యాయినితో మాట్లాడివచ్చాడు. పుస్తకాలు పంచే పని మా పిల్లకు అప్పగించడానికి, మధ్యమధ్య అందరినీ నిలబెట్టి పాట పాడించడానికి ఆమె ఒప్పుకున్నదట. తన గొంతుకూ అది విశ్రాంతేనన్నదట. ఈ పక్షం డైరీలో ఎర్రసిరా ఒక్కసారి వచ్చింది, గీత లేకుండా. గడియారం ముందునున్న కుర్చీ వరండాలోకి వచ్చింది. పిల్ల దానిమీద చింతగింజల డబ్బాలు పెట్టుకుంటోంది.