కాలేయానికి కొవ్వు పడితే కార్మికుడిదే తప్పా?



స్కానింగులో ‘ఫ్యాటీ లివర్’ అని రాగానే కార్మికుడికి మొదట వినబడే మాట ‘తాగుడు మానెయ్’. చుక్క ముట్టని వారికీ, ఆడవారికీ ఇదే ముద్ర. సెలవు అడిగితే ‘తాగి పడిపోయాడు’ అని సూపర్‌వైజరు ఎగతాళి చేస్తాడు. తాగుడు కాలేయాన్ని చెడగొడుతుందన్నది నిజమే, ఆ మాట మేం దాచడం లేదు. కాని తాగని వారికీ, సన్నగా ఉన్నవారికీ కూడా ఈ జబ్బు వస్తున్నది. దీని వేరు కొంత మన పేగుల్లో ఉందని సైన్సు చెబుతున్నది.

పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయానికి చేరుతుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ దారినే వస్తుంది. పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటాయి. జొన్నలు, పప్పులు, ఆకుకూరల్లోని పీచును మంచి బాక్టీరియా పులియబెట్టి, పేగు గోడకు బలమిచ్చే ఆమ్లాలను తయారుచేస్తాయి. పీచు తగ్గి నూనె, చక్కెర పెరిగితే ఆ గోడ బలహీనపడుతుంది. చెడు బాక్టీరియా విషాలు దాన్ని దాటి కాలేయానికి చేరుతాయి. కొవ్వు పట్టిన కాలేయం వాస్తుంది. వాపు ఏళ్ల తరబడి సాగితే మచ్చలు కట్టి సిరోసిస్ దాకా పోవచ్చు.

చైనా శాస్త్రజ్ఞులు 2019లో మరో సంగతి బయటపెట్టారు. క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో కొన్ని రకాలు మన పేగుల్లోనే చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తాయి. వారు పరీక్షించిన ఫ్యాటీ లివర్ రోగుల్లో సుమారు 60 శాతం మందిలో ఇవి కనబడ్డాయి. ఎలుకలకు ఎక్కిస్తే వాటి కాలేయానికీ కొవ్వు పట్టింది. అన్ని కేసులకూ ఇదే కారణమని మేం అనం. బరువు, షుగరు జబ్బు, వంశం కూడా కారణాలే. కాని చుక్క తాగని మనిషిని తాగుబోతు అనే నోళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

ఇక షిఫ్టుల మాట. పేగుల్లోని బాక్టీరియాకు కూడా పగలు, రాత్రి అనే లయ ఉందని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థ 2014లో చూపింది. దూర విమాన ప్రయాణంతో నిద్రవేళలు తారుమారైన ఇద్దరి బాక్టీరియాను ఎలుకలకు ఎక్కిస్తే, అవి బరువెక్కాయి, రక్తంలో చక్కెర పెరిగింది. విమానం దిగినవాడు కొద్ది రోజుల్లో కుదుటపడతాడు. వారం వారం షిఫ్టు మారే మన మనిషి కుదుటపడేది ఎప్పుడు?

రాత్రి రెండు గంటలకు షోలాపూర్‌లోనైనా భివండీలోనైనా సాంచాల దగ్గర నుంచి లేచి వచ్చినవాడికి దొరికేది వడా పావ్, చక్కెర టీ. ‘మంచి తిండి తినండి’ అని సలహా ఇచ్చేవారు ఆ తిండి ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ప్రకారం, కాంట్రాక్టు కార్మికులతో కలిపి 100 మంది ఉన్న చోట క్యాంటీన్ ఉండాలి. అంతకన్నా చిన్న షెడ్ల వారి సంగతేమిటి?

మరో హెచ్చరిక. ‘మంచి బాక్టీరియా’ పేరుతో క్యాప్సూళ్లు అమ్ముతున్నారు. ఇవి ఫ్యాటీ లివర్‌ను నయం చేస్తాయని ఇంకా రుజువు కాలేదు. కూలి డబ్బు వాటికి తగలెయ్యకండి. ఇంటి జొన్న రొట్టె, పప్పు, మజ్జిగ, తగిన నిద్ర, తగ్గిన బరువు అంతకన్నా మేలు.

కాబట్టి మేం కోరేవి ఇవి:

1. రాత్రి షిఫ్టులో క్యాంటీన్ తెరిచి ఉండాలి. రొట్టె, పప్పు, కూర సరసమైన ధరకు పెట్టాలి. చిన్న షెడ్లన్నిటికీ కలిపి ఉమ్మడి క్యాంటీన్ ఉండాలి.

2. షిఫ్టులు వారం వారం మార్చే పద్ధతి పోవాలి.

3. ఫ్యాటీ లివర్‌ను కేంద్ర ప్రభుత్వం 2021లోనే జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో చేర్చింది. ఈఎస్‌ఐ డిస్పెన్సరీల్లో రాత్రి షిఫ్టు వారికి ఏటా కాలేయ పరీక్ష చేయాలి.

4. జబ్బు సెలవుకు తాగుడు ముద్ర వేయడం మానాలి.

ఈ జబ్బు తొలి దశలో నొప్పి పెట్టదు. నొప్పి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. గేటు మీటింగుకు ఆడా మగా అందరూ రండి. ఈ కోర్కెలను మనమంతా ఒక్క గొంతుతో అడుగుదాం!